శాసన సభలో ఒక గురువు: రెవరెండ్ నికల్స్ రాయ్ గారి ప్రజాసేవ

మన అధ్యక్ష ఖండమునకు నూరేండ్లు నిండిన ఈ సమయమున, మనకు సువార్తను తెచ్చిన మిషనెరీలను గూర్చియు, ఊరూర తిరిగి బోధించిన తొలి ఉపదేశులను గూర్చియు, మన గుడులు, బడులు, ఆసుపత్రులు వెలసిన తీరును గూర్చియు పలువురు పెద్దలు ఈ సంచికలో వ్రాయుచున్నారు. మేము మాత్రము మన ఖండమునకు గాని, మన భాషకు గాని చెందని ఒక గురువును గూర్చి వ్రాయదలచితిమి. ఆయన రెవరెండ్ జేమ్స్ జాయ్ మోహన్ నికల్స్ రాయ్ గారు. ఈశాన్య భారతములో నేడు మేఘాలయ అని పిలువబడు కొండసీమలో పుట్టి, సువార్త సేవకుడై, తరువాత శాసన సభ్యుడై, మంత్రియై, మన రాజ్యాంగమును వ్రాసిన సభలో కూర్చుండి, ఆ రాజ్యాంగములోని ఆరవ షెడ్యూలునకు రూపము కల్పించిన ముఖ్యులలో ఒకరైనవారు.

ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణము కలదు. మన సంఘములలో ఒక ప్రశ్న తరచుగా వినబడుచుండును. పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు మరింత గట్టిగా వినబడును. క్రైస్తవుడు, అందులోను గురువు, రాజకీయములలోనికి పోవచ్చునా? కొందరు అది బురద గుంట అనియు, దూరముగా నుండుట మేలనియు చెప్పుదురు. మరికొందరు, మనవాడొకడు పైకి పోయినచో మన గుడికి ప్రహరీ గోడ, మన వీధికి సిమెంటు రోడ్డు వచ్చునని ఆశింతురు. ఈ రెండు తలంపులలో దేనికిని చెందని మార్గమొకటి నికల్స్ రాయ్ గారి జీవితములో మాకు కనబడినది. దానిని చదువరుల యెదుట ఉంచుటయే మా ఉద్దేశము.

షెల్లా గ్రామము

ఖాసీ కొండలు అస్సాము మైదానమునకు దక్షిణమున, నేటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ మైదానమునకు ఉత్తరమున గోడవలె నిలిచియున్నవి. అత్యధిక వర్షమునకు పేరుబడిన చిరపుంజి అచ్చటనే కలదు. 1841లో వేల్సు దేశపు మిషనెరీ థామస్ జోన్స్ గారు చిరపుంజికి వచ్చి, ఖాసీ భాషను రోమను అక్షరములలో వ్రాయుటకు, చదువుటకు నేర్పిరి. ఆ విధముగా ఖాసీలలో బడియు గుడియు జంటగా పెరిగినవి. 1874లో ఇంగ్లీషు ప్రభుత్వమువారు అస్సామును వేరు రాష్ట్రముగా ఏర్పరచి, ఈ కొండలమీది షిల్లాంగును దానికి ముఖ్య పట్టణముగా చేసికొనిరి.

ఖాసీల ఆచారములు మనకు క్రొత్తగా తోచును. వారిలో వంశము తల్లి పేరున నడచును. కడగొట్టు కుమార్తె ఇంటి ఆస్తిని కాపాడును. వారి రాజును సియెమ్ అందురు. అయితే మన జమీందారులవలె ఆయన భూమికి యజమాని కాడు. భూమి కొంత వంశములది, కొంత ఊరి ప్రజలందరిది. దర్బారు అనబడు పెద్దల సభను సంప్రదింపక సియెమ్ ఏ ముఖ్య కార్యమును చేయరాదు. ఇట్టి చిన్న సంస్థానములు ఖాసీ కొండలలో ఇరువది యైదు ఉండెడివి.

వాటిలో ఒకటి షెల్లా. కొండల దక్షిణపు అంచున, సిల్హెట్ మైదానము మొదలగు చోట ఉన్న ఆ ఊరిలో సియెమ్ సైతము లేడు. వహాదాదార్లు అనబడు నలుగురు పెద్దలను ప్రజలే ఎన్నుకొని పరిపాలన వారికి అప్పగించుచుండిరి. 1884లో నికల్స్ రాయ్ గారు ఆ షెల్లాలో జన్మించిరి. పెద్దలను ఎన్నుకొనుట, సభలో కూర్చుండి మాటలాడి తీర్మానించుట అనునవి ఆయనకు ఇంగ్లీషు పుస్తకములలో కనబడిన వింతలు కావు. చిన్ననాడే ఊరిలో కన్నులార చూచిన సంగతులు. తరువాతి కాలములో ఆయన ఏ సభలో ఏమి వాదించినను, దాని వేరు షెల్లాలో కలదని మా నమ్మకము.

1897 జూన్ 12న అస్సామును గొప్ప భూకంపము కుదిపివేసినది. షిల్లాంగులో రాతి కట్టడములన్నియు దాదాపు నేలమట్టమైనవి. చిరపుంజి పరిసరములలో కొండ చరియలు విరిగి గ్రామములపై పడినవి. అప్పటికి పదమూడేండ్ల ప్రాయమువాడైన ఆ బాలుడు ఆ విపత్తును దాటి బ్రతికి, చదువుకొని, కలకత్తా విశ్వవిద్యాలయములో పట్టము పొంది, సువార్త సేవలో ప్రవేశించిరి. వెల్షు మిషను నీడలో పెరిగినను, తరువాత చర్చి ఆఫ్ గాడ్ అను సంఘముతో చేరి, దానికి ఖాసీ కొండలలో నాయకులైరి. బోధతో పాటు కొండ రైతుల పండ్లకు ధర కల్పించుటకై వ్యాపార సంస్థను, కొండదారులలో ప్రయాణమునకు మోటారు రవాణా సంస్థను నెలకొల్పుటకు పూనుకొనిరి. రైతు పండించిన నారింజ పండు బుట్టలోనే కుళ్ళిపోవుచుండగా ఆదివారము ప్రసంగము చెప్పి ఊరకుండుట ఆయనకు చాలలేదు.

శాసన మండలిలో ప్రవేశము

1919 చట్టము ననుసరించి రాష్ట్రములలో క్రొత్త శాసన మండళ్ళు ఏర్పడినవి. కొన్ని శాఖలు గవర్నరు చేతిలోను, కొన్ని ప్రజల ప్రతినిధులైన మంత్రుల చేతిలోను ఉండు ఈ పద్ధతిని ద్వంద్వ పాలన అనిరి. కొండ ప్రాంతములు వెనుకబడిన ప్రాంతములుగా ప్రకటింపబడి ఈ ఏర్పాటునకు వెలుపల ఉంచబడినవి. కొండలలో ఓటు హక్కు షిల్లాంగు పట్టణమునకు మాత్రమే దక్కినది. ఆ స్థానము నుండి 1921లో నికల్స్ రాయ్ గారు అస్సాము శాసన మండలిలో ప్రవేశించిరి. కొండజాతులవారిలో ఆ మండలికి ఎన్నికైన మొదటివాడు ఆయనయే. ద్వంద్వ పాలన కాలములోనే ఆయన మంత్రి పదవిని కూడ వహించిరి.

ఇచ్చట ఒక చిత్రమైన సంగతిని చదువరులు గమనింపవలెను. ఆయన శాసనము చేయగల అధికారము కలవాడు. అయితే షిల్లాంగు పట్టణపు సరిహద్దు దాటి కొండదారి పట్టినచో ఆ శాసనము ఆగిపోవును. షెల్లా ఒక సంస్థానము గనుక, ఆయన చేతితో చేసిన చట్టము ఆయన స్వగ్రామమునకు వర్తింపదు. మైదాన ప్రజల మంచిచెడ్డలు నిర్ణయించుటకు ఆయనకు కుర్చీ యున్నది గాని, సొంత ప్రజలకు ఆ సభలో చోటు లేదు.

1935 చట్టము ఈ గోడను తీసివేయలేదు. దానికి క్రొత్త పేర్లు పెట్టినది. నాగా కొండలు, లుషాయి కొండలు, ఉత్తర కచారు కొండలు మినహాయింపబడిన ప్రాంతములైనవి. గారో కొండలు, మికిరు కొండలు, ఖాసీ జైంతియా కొండలలో ఇంగ్లీషువారి క్రింది భాగము పాక్షికముగా మినహాయింపబడిన ప్రాంతములైనవి. శాసన సభ చేసిన చట్టములు గవర్నరు ఆజ్ఞాపించిననే గాని అచ్చట అమలు కావు. మన తెలుగు సీమలోని తూర్పు గోదావరి ఏజన్సీయు, విశాఖపట్టణము ఏజన్సీలో ఒరిస్సాలో చేరక మిగిలిన భాగమును ఇదే చట్టము క్రింద పాక్షికముగా మినహాయింపబడినవే. కావున ఖాసీల కథ మనకు బొత్తిగా పరాయి కథ కాదు.

ఈ చట్టము ననుసరించి 1937లో అస్సాములో ఏర్పడిన సాదుల్లా గారి మంత్రివర్గములో నికల్స్ రాయ్ గారు ఒక మంత్రి. 1946లో గోపీనాథ్ బర్దొలాయ్ గారి కాంగ్రెసు మంత్రివర్గములో కూడ ఆయనకు స్థానము దొరకినది. ఆ సంవత్సరమే ఆయన అస్సాము పక్షమున రాజ్యాంగ సభకు ఎన్నికైరి. షెల్లాలో పెద్దల సభను చూచి పెరిగిన బాలుడు అరువది రెండేండ్ల వయస్సులో దేశమునకంతటికిని శాసనము వ్రాయు సభలో అడుగు పెట్టిరి.

కొండల భవిష్యత్తు

ఆ రోజులలో కొండ ప్రజల ముందు పలు దారులు ఉండెను. ఇంగ్లీషు అధికారులలో కొందరు, ఈ కొండలను భారత దేశము నుండి వేరుచేసి బ్రిటిషు రాజరికము క్రిందనే ఉంచవలెనని 1941 ప్రాంతముననే ఆలోచన చేసిరి. నాగాలలో కొందరు స్వతంత్రముగా నుండగోరిరి. మైదాన నాయకులలో కొందరు కొండలను మామూలు జిల్లాలుగా చేసి అస్సాములో కలుపుకొనిన చాలుననిరి. నికల్స్ రాయ్ గారు ఈ మూటిలో దేనిని అంగీకరింపలేదు. కొండ ప్రజలు భారత దేశములోనే ఉండవలెను, అయితే తమ భూమి, తమ అడవి, తమ ఆచారము, తమ న్యాయము తమ చేతిలోనే ఉంచుకొని ఉండవలెనని ఆయన అభిప్రాయము.

1947 సంవత్సరము ఆయన సొంత ఊరికి ఒక దెబ్బ తెచ్చినది. జూలై నెలలో సిల్హెట్ జిల్లాలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగి, ఆ జిల్లాలో అధిక భాగము పాకిస్తానులో చేరినది. తరతరములుగా షెల్లా, చిరపుంజి ప్రక్కల రైతులు తమ నారింజలు, పోకలు, తమలపాకులు క్రిందికి దింపి సిల్హెట్ సంతలలో అమ్ముకొని, బియ్యము, ఎండుచేపలు తెచ్చుకొనుచుండిరి. ఒక గీత గీయగానే ఆ సంత పరదేశమైపోయినది. తోటలున్నను కొనువారు లేరు. దూరమున కూర్చున్నవారు గీసిన గీత వలన కొండ దిగువన ఒక కుటుంబము పస్తుండవలసి వచ్చునని ఆయనకు వేరొకరు చెప్పనక్కర లేకపోయినది.

రాజ్యాంగ సభవారు 1947 జనవరిలో సర్దారు పటేలు గారి అధ్యక్షతను ఒక సలహా సంఘమును నియమించిరి. దాని క్రింద అస్సాము కొండ ప్రాంతములను గూర్చి విచారించుటకు బర్దొలాయ్ గారు అధ్యక్షులుగా ఒక ఉపసంఘము ఏర్పడినది. నికల్స్ రాయ్ గారు, రూప్‌నాథ్ బ్రహ్మ గారు, గిరిజన సేవకు పేరుగాంచిన ఠక్కర్ బాపా గారు అందులో సభ్యులు. నాగాల పక్షమున అలీబా ఇమ్తీ గారు చేర్చుకొనబడిరి. వారు కొండ జిల్లాలకు వెళ్ళి ప్రజల మాటలు వినిరి. ఎక్కడికి పోయినను రెండు భయములు వారి ముందుకు వచ్చినవి. పైవారు వచ్చి మా భూమిని కాజేయుదురేమో, వడ్డీ వ్యాపారి మమ్మును మ్రింగునేమో అనునది ఒకటి. మా ఆచారములను తెలియనివారు మాకు న్యాయము తీర్చుదురేమో అనునది రెండవది. 1947 జూలైలో ఆ ఉపసంఘము తన నివేదికను సమర్పించినది. ఆరవ షెడ్యూలునకు అదియే పునాది.

మూడు దినముల చర్చ

1949 సెప్టెంబరు 5, 6, 7 తేదీలలో ఆరవ షెడ్యూలు రాజ్యాంగ సభలో చర్చకు వచ్చినది. అస్సాము నుండియే వచ్చిన కులధర్ చలిహా గారు, రోహిణీ కుమార్ చౌధురి గారు దానిని గట్టిగా ఎదిరించిరి. దేశ విభజన గాయము ఇంకను పచ్చిగా నుండెను. కొండజాతులకు వేరుగా మండళ్ళు ఇచ్చినచో మరియొక పాకిస్తాను పుట్టునని వారి భయము. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయము. సరిహద్దున ఉన్న రాష్ట్రము, లక్షల శరణార్థులు, ఎటు చూచినను అనుమానము. అట్టి కాలములో ఒక్కటిగా నుండవలెనని కోరుట సహజమే.

అయితే ఆ చర్చలో, కొండవారిని మైదానవారి నాగరికత స్థాయికి తేవలెనను మాట కూడ వచ్చినది. దానికి నికల్స్ రాయ్ గారు ఇచ్చిన సమాధానమును మన సంఘస్థులు ప్రత్యేకముగా గమనింపవలెను. మా కొండలలో ఎక్కువ తక్కువ జాతులు లేవు. రాజులును పెద్దలును కూలివారితో కలిసి పొలములో పని చేయుదురు, వారితో కలిసి భుజింతురు. మైదానములో ఈ సమత్వము కలదా, అను భావమును ఆయన సభ యెదుట ఉంచిరి. కొండజాతులను దేశమునకు దగ్గర చేయవలెనన్న వారిపై అధికారము చెలాయించుట కాక వారి నమ్మకమును గెలుచుకొనవలెననియు, స్వపరిపాలన ఇచ్చుట వలననే ఆ నమ్మకము కలుగుననియు వాదించిరి.

మన సంఘములలో అనేకుల తాతముత్తాతలు ఊరి బావి దగ్గరకు పోరాదని నిషేధింపబడినవారు. ప్రభువు బల్లయొద్ద అందరు కలిసి భుజించుట మన పెద్దలకు ఎంత పెద్ద మార్పో మనకు తెలియును. అట్టి మనకు, మీ నాగరికత ఏ పంక్తిలో భోజనము చేయుచున్నదని నిండు సభలో అడిగిన ఈ గురువు మాట ఎంత లోతైనదో వేరుగా వివరింపనక్కర లేదు.

మరియొక సంగతి. ఆయన కాపాడగోరిన ఆచారములు క్రైస్తవ ఆచారములు కావు. ఖాసీలలో అప్పటికి ఎందరో తమ పూర్వుల మతమునే అనుసరించుచుండిరి. ఆ మతమును నిలుపుకొనుటకై 1899లోనే సెంగ్ ఖాసీ అను సంఘము ఏర్పడియుండెను. నికల్స్ రాయ్ గారు తన సంఘస్థుల కొరకు మాత్రమే హక్కులు అడిగియుండినచో సభలో మరింత సులభముగా పని జరిగియుండునేమో మేము చెప్పలేము. ఆయన అడిగినది ఖాసీలందరి కొరకు, గారోల కొరకు, లుషాయిల కొరకు, నాగాల కొరకు.

డాక్టరు అంబేద్కరు గారు ఈ షెడ్యూలును సమర్థించిరి. అస్సాము కొండజాతులవారు ఇతర ప్రాంతముల గిరిజనులవలె చుట్టుప్రక్కలవారి ఆచారములలో కలిసిపోలేదనియు, వారి వేళ్ళు వారి సొంత నాగరికతలోనే ఉన్నవనియు, కావున వారికి వేరు ఏర్పాటు తగునని ఆయన వాదము. ఛోటానాగపూర్ ఆదివాసుల నాయకులు జైపాల్ సింగ్ గారు కూడ దీనికి అండగా నిలిచిరి. చివరకు ఆరవ షెడ్యూలు ఆమోదింపబడినది.

ఆరవ షెడ్యూలు ఇచ్చినదేమి?

మన చదువరులలో చాలమందికి ఈ పేరు క్రొత్తది గనుక దాని సారమును క్లుప్తముగా చెప్పుదుము. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చినప్పుడు ఐక్య ఖాసీ జైంతియా కొండలు, గారో కొండలు, లుషాయి కొండలు, నాగా కొండలు, ఉత్తర కచారు కొండలు, మికిరు కొండలు అను ఆరు జిల్లాలు స్వయంపాలక జిల్లాలైనవి. ప్రతి జిల్లాకు ఒక జిల్లా మండలి. దానిలో ఇరువది నలుగురికి మించకుండ సభ్యులు. వారిలో నాలుగింట మూడు వంతులకు తక్కువ కాకుండ వయోజనుల ఓటుతో ఎన్నిక కావలెను.

ఈ మండలి కేవలము రోడ్లు వేయు జిల్లా బోర్డు కాదు. భూమిని కేటాయించుట, రిజర్వు కాని అడవులను కాపాడుట, పోడు సేద్యమును క్రమపరచుట, గ్రామ సంఘములను ఏర్పరచుట, పెద్దల నియామకము, వారసత్వము, వివాహము, సాంఘికాచారములు, వీటన్నిటిపై అది చట్టములు చేయవచ్చును. ఆ చట్టములకు గవర్నరు ఆమోదము కావలెను. తమవారి మధ్య వ్యాజ్యములు తీర్చుటకు న్యాయస్థానములు పెట్టవచ్చును. ప్రాథమిక పాఠశాలలు, మందుల శాలలు, సంతలు, రేవులు నడుపవచ్చును. భూమి శిస్తు, వృత్తి పన్ను వసూలు చేసికొనవచ్చును. గనుల రాబడిలో భాగము పొందవచ్చును. కొండజాతివారు కాని వ్యాపారుల వడ్డీ వ్యాపారమును, వర్తకమును అదుపులో పెట్టవచ్చును. ప్రజలు ఉపసంఘము ముందు చెప్పుకొనిన రెండు భయములకును ఇందులో జవాబున్నది. 1952 జూన్‌లో ఐక్య ఖాసీ జైంతియా కొండల జిల్లా మండలి ప్రారంభమైనది.

పొగడ్తయు తెగడ్తయు

శతజయంతి సంచికలలో మంచిని మాత్రమే వ్రాయుట వాడుక. అయితే ఒక ప్రజాసేవకుని పనిని గౌరవించుట అనగా దాని లోపములను కూడ నిజాయితీగా చెప్పుటయే.

మొదటిది, నాగాలు ఈ ఏర్పాటును అంగీకరింపలేదు. వారి కొండలలో జిల్లా మండలి ఏర్పడనే లేదు. రెండవది, ఖాసీ సంస్థానముల పెద్దలలో అసంతృప్తి మిగిలినది. తాము భారత దేశములో చేరుటకు ఒప్పుకొనిన మాట నిజమే గాని, తమ సంస్థానములను విలీనము చేయుటకు సంతకము చేయలేదని వారి వాదము. ఎన్నికైన మండలి వచ్చి సియెమ్‌లపై కూర్చుండుట వారికి రుచింపలేదు. సొంతవారి చేతనే నిందింపబడుట నికల్స్ రాయ్ గారికి తప్పలేదు. మూడవది, మండలికి అధికారములు వ్రాతలో ఎక్కువ, చేతిలో డబ్బు తక్కువ. నిధులకై రాష్ట్ర ప్రభుత్వము వైపు చూడవలసి వచ్చినది.

నికల్స్ రాయ్ గారు 1959లో ప్రభువునందు నిద్రించిరి. మరుసటి సంవత్సరమే అస్సాము ప్రభుత్వము అస్సామీ భాషను అధికార భాషగా చేయబూనగా, కొండ నాయకులు షిల్లాంగులో కూడి సర్వపక్ష కొండ నాయకుల సమావేశము అను సంస్థను స్థాపించి ప్రత్యేక రాష్ట్రము కోరిరి. ఆయన కుమారుడు స్టాన్లీ నికల్స్ రాయ్ గారు ఆ నాయకులలో ఒకరు. తండ్రి కట్టిన ఇల్లు చాలదని కుమారుని తరము తలంచినది. 1970 ఏప్రిల్ 2న మేఘాలయ అస్సాములోనే స్వయంపాలక రాష్ట్రమైనది. 1972 జనవరి 21న పూర్తి రాష్ట్రమైనది. దేశములో ఎన్నో ప్రత్యేక రాష్ట్రములు ఏర్పడినవి. తెలుగువారమైన మనకు 1953, 1956, 2014 సంవత్సరములు జ్ఞాపకమున్నవి. వాటితో పోల్చినచో మేఘాలయ చాల శాంతముగా ఏర్పడినదని చెప్పవచ్చును. అంతకు ముందే యిరువది యేండ్లుగా జిల్లా మండళ్ళలో కూర్చుండి, తగవులాడి, తీర్మానించి, లెక్కలు వ్రాసి అలవాటుపడిన జనము అచ్చట ఉండుట ఇందుకు ఒక కారణమని మా అభిప్రాయము.

మేఘాలయ ఏర్పడిన తరువాత, శాసన సభయు జిల్లా మండలులును ఒకే నేలపై ఉండుట వలన క్రొత్త చిక్కులు వచ్చినవి. మండలి చట్టమునకు రాష్ట్ర చట్టమునకు భేదము వచ్చిన రాష్ట్ర చట్టమే చెల్లునను నియమము ఏర్పడినది. మరియు భూమి సొంతవారి చేతిలో నున్నంత మాత్రమున నేల క్షేమముగా నుండదను పాఠమును కూడ ఆ కొండలు నేర్చినవి. జైంతియా కొండలలో ఎలుక బొరియలవంటి గనులు త్రవ్వి బొగ్గు తీయుట వలన నదులు చెడినవి, కూలీలు చనిపోయిరి. 2014లో జాతీయ హరిత న్యాయస్థానము ఆ త్రవ్వకమును నిషేధించినది. పరాయివాని ఆశకు చట్టము అడ్డు కట్ట వేయగలదు. సొంతవాని ఆశకు మనస్సాక్షియే కట్ట వేయవలెను. అది సంఘము చేయవలసిన పని.

మన ఏజన్సీ ప్రాంతములు

మన తెలుగు సీమలోని ఏజన్సీ ప్రాంతములు ఆరవ షెడ్యూలు క్రిందికి రాలేదు. ఐదవ షెడ్యూలు క్రిందికి వచ్చినవి. రెంటికిని గల భేదము చిన్నది కాదు. ఐదవ షెడ్యూలులో గిరిజన సలహా మండలి సలహా ఇచ్చును, గవర్నరు నిబంధనలు చేయును. ఆరవ షెడ్యూలులో ప్రజలు ఎన్నుకొనిన మండలియే చట్టము చేయును. ఒకదానిలో రక్షణ పైనుండి వచ్చును. మరియొకదానిలో రక్షించుకొను అధికారము క్రిందనే ఉండును.

ఐదవ షెడ్యూలు వలన మనకు మేలు కలుగలేదని మేము అనము. 1959లో వచ్చి 1970లో కట్టుదిట్టము చేయబడిన భూమి బదిలీ నిబంధన వలన ఏజన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోరాదు. విశాఖ జిల్లా అనంతగిరి మండలములోని బొర్రా ప్రాంతపు గనుల వివాదములో 1997లో సుప్రీం కోర్టు ఇచ్చిన సమతా తీర్పు, షెడ్యూలు ప్రాంతములోని ప్రభుత్వ భూమిని కూడ ప్రైవేటు గని కంపెనీలకు కౌలుకు ఈయరాదని చెప్పినది. ఇవి గొప్ప రక్షణలే. అయినను కాగితముపై రక్షణ యున్నచోట కూడ భూములు చేజారిన సంగతి ఏజన్సీ గ్రామములలో సేవ చేసినవారందరికి తెలియును.

1996లో పార్లమెంటు పెసా చట్టమును చేసినది. షెడ్యూలు ప్రాంతములలో గ్రామ సభకు అది గౌరవస్థానము ఇచ్చినది. ఆ చట్టములో ఒక మాట కలదు. షెడ్యూలు ప్రాంతములలో జిల్లా స్థాయి పంచాయతీలను ఏర్పరచునప్పుడు రాష్ట్రములు ఆరవ షెడ్యూలు పద్ధతిని అనుసరింప ప్రయత్నింపవలెనని అందులో వ్రాసియున్నది. అనగా ఖాసీ కొండల గురువు పాటుపడి సాధించిన పద్ధతి మన మన్యము వరకు నడచి వచ్చి, ఇంకను తలుపు బయటనే నిలిచియున్నది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ చట్టమునకు నియమములు 2011లో వచ్చినవి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినవి. జిల్లా కార్యాలయము దగ్గరకు వచ్చినది, సంతోషము. గ్రామ సభలో మాటలాడువారు ఎందరున్నారను ప్రశ్న మాత్రము మిగిలియే యున్నది.

మనము నేర్చుకొనవలసినది

నికల్స్ రాయ్ గారి జీవితములో మేము మూడు సంగతులు గమనించితిమి. ఆయన మంత్రిగా నున్నప్పుడు తన సంఘమునకు కట్టించిన భవనములను బట్టి గాక, అన్య మతస్థులైన తన ప్రజలకు కూడ సంపాదించిన అధికారమును బట్టి గుర్తుంచుకొనబడుచున్నారు. పదవిని తన చేతిలో దాచుకొనుటకు బదులు, తాను లేనప్పుడు కూడ పని చేయు సభలను ఊరి ప్రజల చేతికి ఇచ్చిరి. మరియు సొంతవారు నిందించినను, మైదానమువారు అనుమానించినను మాటలాడుట మానలేదు.

నెహెమ్యా యెరూషలేము గోడను కట్టించినప్పుడు అనేకులు తమ తమ ఇండ్లకు ఎదురుగా నున్న భాగమునే బాగుచేసిరని మనకు తెలియును. ఆయన రాజు కొలువులో ఉద్యోగము చేసినవాడే. రాజు చేతి పత్రము ఆయన వద్ద ఉండెను. అయినను గోడ లేచినది ఇంటింటివారి చేతులతో. స్వపరిపాలన అనగా ఇదియేనని మేము తలంచుచున్నాము.

కావున ప్రియ చదువరులారా, మొదట అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది. గురువులందరు ఎన్నికలలో నిలువవలెనని మేము చెప్పము. ఆ పిలుపు అందరికి రాదు. అయితే సంఘస్థుడు ఎవడును గ్రామ సభకు దూరముగా నుండుట భక్తి అనిపించుకొనదు. మీ పంచాయతీలో గ్రామ సభ ఎప్పుడు జరుగునో తెలిసికొనుడు. రేషను కార్డుల జాబితా, ఉపాధి హామీ పనుల లెక్క, బడికి వచ్చిన సొమ్ము, చెరువు భూమి హద్దులు, ఇవన్నియు అచ్చట చదువబడవలెను. చదువకపోయిన, చదువుమని అడుగుడు. మన గుడి గోడ కొరకు మాత్రమే నోరు తెరువక, మన ప్రక్క పేటవారి బావి కొరకును అడుగుడు. మన స్త్రీల సమాజములవారు, యౌవనస్థుల సమాజములవారు సంవత్సరమునకు ఒక్కసారియైనను ఈ సంగతులను కూర్చుండి చర్చించుట మంచిది.

మన ఖండపు మొదటి నూరేండ్లలో మిషనెరీలును, వారి వెనుక మన పెద్దలును మనకు అక్షరములు నేర్పిరి. దరఖాస్తు వ్రాయగలము, చట్టము చదువగలము, సభలో నిలిచి మాటలాడగలము. రాబోవు నూరేండ్లలో ఆ అక్షరములు ఎవరి మేలు కొరకు వాడబడునో అదియే మన ముందున్న పని. షెల్లా గ్రామపు పెద్దల సభ ఒక బాలునికి అంత నేర్పగలిగినప్పుడు, మన ఊరి గ్రామ సభయు మన పిల్లలకు కొంత నేర్పగలదు. వారిని వెంటబెట్టుకొని వెళ్ళుదము.